ముప్పై ఒకటో అంతస్తు అద్దం

"అద్దాలు బిగించే మేస్త్రి ఒకాయన పోయిన సోమవారం ఈ టవర్ ముప్పై ఒకటో అంతస్తు నుంచి పడి చనిపోయాడు," అన్నాడు చీఫ్, నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని.

ఫైలు అడ్డం పెట్టుకోవడం అలవాటు కాదు, అవసరం. గూఢచారి శాఖ ఈ కొత్త టవర్‌లోకి మారి ఏడు నెలలైంది. చీఫ్ క్యాబిన్‌కి నాలుగు వైపులా గాజే. కారిడార్‌లో టీ ట్రాలీ తోసుకెళ్ళే మనిషికి కూడా చీఫ్ పెదవులు కదలడం కనిపిస్తుంది. పాత ఆఫీసులో గోడలు మూరెడు మందం. అక్కడ గొంతు చించుకున్నా పక్క గదికి వినపడేది కాదు. ఇక్కడ గుసగుసకి కూడా ప్రేక్షకులున్నారు.

ఎదురుగా కూర్చున్న మనిషికి యాభై రెండేళ్ళు. రికార్డుల్లో ఏజెంట్ నలభై. అందరి నోళ్ళలో మాత్రం బావగారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట మొదటి మిషన్‌లో ఒక ఆయుధాల వ్యాపారి ఇంట్లో, దూరపు బావనని చెప్పుకుని మూడు వారాలు మకాం వేశాడు. వెళ్ళిపోతుంటే ఆ ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పట్నుంచి పేరు అలా అతుక్కుపోయింది.

"పోలీసులేమన్నారు?"

"ప్రమాదమన్నారు. బెల్టు కొక్కెం ఊడిందని రాశారు."

"మనకేంటి సంబంధం, సార్?"

"మర్నాడు మన పాత లైనుకి ఫోనొచ్చింది. ఆడ గొంతు. 'వాన వెలిసింది. మేస్త్రి తనంతట తాను పడలేదు' అని చెప్పి పెట్టేసింది."

బావగారు తలెత్తాడు. 'వాన వెలిసింది' అనేది శాఖ ఒకే ఒక్క మనిషికి ఇచ్చిన కోడ్. పొరుగు దేశపు ముఠాలో మన తరఫున చేరి, తర్వాత వాళ్ళ వైపు జారిపోయిందని అందరూ అనుకునే డబుల్ ఏజెంట్. ఆమె ఎవరో తెలిసిన ఒకే ఒక్క ఆఫీసరు పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. ఆయనతో పాటే ఆ పేరూ పోయింది. ఏదైనా చిక్కొస్తే 'వాన వెలిసింది' అన్నవాళ్ళకి 'గొడుగెక్కడ పెట్టావు' అని బదులు రావాలని మాత్రం రికార్డులో ఉంది.

"గురువారం పదకొండింటికి ముప్పై ఒకటో అంతస్తులో మీటింగ్," చీఫ్ ఫైలు కొంచెం పైకి జరిపాడు. "అవతలి దేశంలో మన కోసం పనిచేస్తున్న పదకొండు మందిని బయటికి లాగాలి. పేర్లు కాగితం మీద పెట్టను. నోటితోనే చెబుతాను. వినేది ముగ్గురు. ఫోన్లు లాకర్లో, తలుపుకి సీలు. గదంతా టెక్నికల్ టీమ్ జల్లెడ పట్టింది. ఏమీ లేదు."

"మరి నేనెందుకు?"

"మేస్త్రి ఎందుకు చచ్చిపోయాడో తెలిస్తే నాకు కాస్త నిద్ర పడుతుంది. రేపట్నుంచి మీరు ఈ టవర్ బయట అద్దాలు తుడిచే మనిషి."

"సార్, నా మోకాలు..."

"తాళ్ళకి వేలాడే ఉయ్యాల్లో నిలబడే పనే కదా, బావగారూ. మెట్లెక్కక్కర్లేదు."

ఆయన కంటే ఆరేళ్ళు చిన్నవాడు చీఫ్. వాదించే ఓపిక లేక బావగారు లేచాడు. గ్యాడ్జెట్ల సెక్షన్లో ఒక కళ్ళజోడిచ్చారు. కంటికి కనపడని లేజర్ కిరణాన్ని కూడా చూపిస్తుందట. పెట్టుకుని చూస్తే రెండు నిమిషాల్లో బ్యాటరీ చచ్చింది. "ఛార్జింగ్ పెట్టి వాడండి, బావగారూ," అన్నాడు గ్యాడ్జెట్ల ఇంజినీరు, అదేదో తన తప్పు కానట్టు.

* * *

ఆ మధ్యాహ్నమే, కార్మిక సంఘం మనిషినని చెప్పి, చేతిలో ఒక ఫారం పట్టుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాడు.

రెండు గదుల ఇల్లు. చిన్న కిటికీలు, వాటికి చెక్క తలుపులు. ఊరంతటికీ అద్దాలు బిగించినవాడి ఇంట్లో గోడకి ముఖం చూసుకునే అద్దం ఒక్కటే ఉంది. అదీ మూల పెచ్చు ఊడింది. మేస్త్రి భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. సూది కింద గుడ్డ ఎప్పుడు పెట్టిందో, అలాగే ఉంది.

"ఇంకో ఫారమా?" అంది.

"ఇదే ఆఖరిదమ్మా."

"ప్రతివాళ్ళూ ఇదే ఆఖరిదంటున్నారు, అన్నయ్యా."

బావగారు ఫారం మడిచి జేబులో పెట్టేశాడు. ఇన్నేళ్ళుగా వంద ఇళ్ళలో వంద అబద్ధాలు ఆడినవాడికి ఈ ఇంట్లో ఒక్కటీ ఆడబుద్ధి కాలేదు. "ఆయన పని గురించి చెప్పమ్మా," అన్నాడు చివరికి.

ఆమె సూది కింది గుడ్డ తీసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. "బెల్టుకి రెండు కొక్కేలు తగిలించుకుంటే గానీ ఆయన స్టూలు కూడా ఎక్కడు. అలాంటి మనిషికి రెండూ ఒకేసారి ఊడాయంటే నమ్మాలా? పైగా చెవి. అద్దాన్ని గోటితో కొట్టి చూసి ఎంత మందమో చెప్పేసేవాడు. ఆ వారమంతా ఒకటే మాట. ముప్పై ఒకటిలో మార్చిన అద్దం గొంతు వేరుగా ఉందే, పక్కవి బండరాళ్ళలా మూగగా ఉంటే ఇది డప్పులా మోగుతోందే, అని."

"ఎవరికైనా చెప్పాడా?"

"డిజైన్ మేడంకి చెప్పాడు. చూస్తానందట."

బావగారు ఆ సాయంత్రమే చీఫ్‌కి రిపోర్టిచ్చాడు. చీఫ్ విన్నాడు, నుదురు రుద్దుకున్నాడు. "టెక్నికల్ టీమ్ ఆ అద్దాన్ని కూడా చూసింది. పగుల్లేదు, వైరు లేదు. అద్దానికి గొంతేంటండీ? రేపు బయట్నుంచి మీరే చూడండి."

* * *

బుధవారమంతా ఉయ్యాల్లోనే గడిచింది. టవర్ నెత్తి మీద క్రేన్, దానికి నాలుగు ఇనప తాళ్ళు, వాటి చివర మనిషి ఛాతీ ఎత్తు కమ్మీలతో పొడుగాటి ఇనప తొట్టి. పనివాళ్ళ భాషలో అదే ఉయ్యాల. అందులో ఒక నీళ్ళ గొట్టం, రెండు బకెట్లు, రబ్బరు పట్టీ చీపుర్లు, ఇద్దరు మనుషులు. ఒకడు బావగారు. రెండోవాడు ఉయ్యాల ఆపరేటరు, మీటలు నొక్కి కిందికీ పైకీ తీసుకెళ్ళేవాడు. నలభై ఏళ్ళవాడు, నవ్వుముఖం. రెండు చేతులూ కలిపితే దుంగంత ఉంటాయి.

"కొత్తా, గురువుగారూ? కిందికి చూడకండి. అద్దంలోకే చూడండి," అన్నాడు.

అద్దంలో ఏముంది చూడ్డానికి? ఎదురు టవర్. ఆ టవర్ అద్దాల్లో మళ్ళీ ఈ టవర్. నలభై అంతస్తుల ఊరు ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడింది. ఇటు ఎండని అటు విసురుతుంది, అటుది ఇటు తిరిగొస్తుంది. మధ్యలో వేలాడే మనిషి రెండువైపులా కాలుతాడు. లోపలివాళ్ళకి ఏసీ చల్లగా వీస్తుంటే ఆ వేడిగాలంతా బయటికే. ముప్పై ఎనిమిదో అంతస్తు చూరు మీద ఒక పావురం చచ్చి పడుంది. ఆకాశమనుకుని అద్దానికి కొట్టుకున్నట్టుంది.

"రోజూ మూడు నాలుగు పడతాయి," అన్నాడు ఆపరేటరు, దాన్ని గుడ్డతో తీసి సంచిలో వేస్తూ. "వాటికేం తెలుసు పాపం, గోడ ఉందని."

సాయంత్రానికి ముప్పై నాలుగు దాకా దిగారు. బావగారు ప్రతి అద్దాన్నీ గోటితో కొట్టి చూశాడు. అన్నీ మూగగానే ఉన్నాయి. మోకాలు మాత్రం మోగింది.

* * *

గురువారం పదిన్నరకి, ఉయ్యాల ఎక్కబోతుండగా, మేడ మీదికి ఒక మేడం వచ్చింది. ఈ టవర్‌కి గాజు తొడుగు డిజైన్ చేసిన కన్సల్టెంట్. బూడిదరంగు సూటు, నల్ల ఫ్రేము కళ్ళజోడు, గాలికి చెదరని జుట్టు. ఆపరేటరు ఆమెని చూసి అటెన్షన్లో నిలబడ్డాడు. పత్రికల కవర్ల మీద ఉండాల్సిన ముఖమది. దగ్గరికొస్తే కళ్ళ కింద నిద్ర లేని వారాలు కనిపించాయి.

"ముప్పై ఒకటి ఇవాళ వదిలెయ్యండి. అద్దం అంచులకి పూసిన సీలెంట్ జిగురు ఆరలేదు. నీళ్ళు తగలకూడదు," అంది.

సీలెంట్ పూసి రెండు నెలలైందని బుధవారం ఆపరేటరే చెప్పాడు. డిజైన్ మేడం. ఆడ గొంతు. బావగారు ఆపరేటరు వైపు చూశాడు. అతను అవతల క్రేన్ మోటారు ఆన్ చేస్తున్నాడు. ఆ రొదలో ఇక్కడి మాట అతని దాకా పోదు.

"అలాగే, మేడం," అన్నాడు బావగారు. గొంతు తగ్గించాడు. "వాన వెలిసింది."

ఆమె చేతిలోని కాగితాలు తిప్పింది. వాటి వైపే చూస్తూ, పెదవులు పెద్దగా కదపకుండా అంది.

"గొడుగెక్కడ పెట్టావు... తొమ్మిది రోజులుగా ఎదురు చూస్తున్నాను. ఇంత ఆలస్యమా?"

"మా వాళ్ళు అద్దానికి గొంతేంటన్నారు."

"దానికి గొంతుంది. ఈ టవర్‌లో ప్రతి కిటికీకి రెండు అద్దాలు, మధ్యలో గాలి. లోపలి మాట బయటి అద్దం దాకా రాదు. అది ఒక్కటీ పలచటి ఒంటి అద్దం. ఆ అంతస్తు అద్దాల మీద పిట్టలు కొట్టుకోకుండా వేసిన చుక్కలుంటాయి చూడండి, వాటిలో ఒక చుక్క చుక్క కాదు. ఎదురు టవర్ ముప్పై ఒకటో అంతస్తులో కంటి ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరు ఆ చుక్క మీదికి లేజర్ కొడతాడు. లోపల ఎవరు మాట్లాడినా అద్దం వణుకుతుంది. ఆ వణుకు కిరణంతో పాటు వెనక్కి వెళ్ళి మాటగా మారుతుంది. కంటి ఆసుపత్రిలో లేజరెందుకని ఎవరడుగుతారు?"

"మీరే పెట్టించారా?"

"నేనే." ఆమె దాచలేదు. "ఆరేళ్ళు మీ మాట వాళ్ళకి, వాళ్ళ మాట మీకు మోశాను. చివరికి ఎవరి తరఫున అబద్ధమాడుతున్నానో నాకే తెలియకుండా పోయింది. మేస్త్రి వచ్చి, మేడం, దీని గొంతు తేడాగా ఉంది అన్నాడు. పనివాడికి అనుమానమొచ్చిందని డాక్టరుకి చెప్పాను. వేరే సైటుకి పంపిస్తారనుకున్నాను. అతను చచ్చిపోతాడని నేను..."

"కొక్కేలు ఎవరు ఊడదీశారు?"

ఆమె క్రేన్ వైపు చూడకుండానే చూసింది. మోటారు దగ్గర ఆపరేటరు చేతులు తుడుచుకుంటున్నాడు.

నిన్నంతా బావగారు ఆ మనిషి ఫ్లాస్కులో టీయే తాగాడు.

పక్కకి తిరిగి చీఫ్‌కి ఫోన్ చేశాడు. లాకర్లో మోగుతోంది కాబోలు, ఎత్తలేదు. కంట్రోల్ రూమ్‌కి చేశాడు. "సీలు వేసిన మీటింగ్ ఆపాలంటే చీఫ్ రాతపూర్వకంగా అనుమతివ్వాలి, సార్," అంది అవతల ఒక పడుచు గొంతు. "ఆ చీఫే లోపలున్నాడమ్మా!" అన్నాడు. "అయితే బయటికొచ్చాక ఇస్తారు, సార్." లిఫ్టులో వెళ్దామంటే ఆ అంతస్తులో కాపలావాళ్ళు అద్దాలు తుడిచేవాడి చొక్కా వేసుకున్న మనిషిని గడప తొక్కనివ్వరు. టైము పది నలభై ఎనిమిది.

మిగిలింది ఒక్కటే దారి. అది గోడ బయట్నుంచి.

"మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళండి," అన్నాడు మేడంతో. "అతను గది దాటకూడదు. ఎలా ఆపుతారో మీ ఇష్టం."

"నన్ను నమ్ముతున్నారా?"

"నమ్మే ఓపిక లేదు, మేడం. టైమూ లేదు. వెళ్ళండి."

ఆమె వెళ్ళాక బావగారు ఉయ్యాల్లోకి దిగి, ఆపరేటరు వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. "కొక్కేలు సరిగ్గా ఉన్నాయా, తమ్ముడూ? మొన్నెవరో పడిపోయారట కదా."

"అవును పాపం," అన్నాడు ఆపరేటరు, మీటల మీదికి వంగి.

బావగారు అతని బెల్టు రెండో కొక్కేన్ని విప్పి, తాడు పొట్టి చేసి, ఆపరేటరు వైపు చివరి కమ్మీకి బిగించాడు.

ఉయ్యాల కదిలింది. ముప్పై నాలుగు. ముప్పై మూడు. ముప్పై రెండు దగ్గర ఆపరేటరు మీట ఆపాడు.

"మేడం ముప్పై ఒకటి వద్దన్నారుగా."

"చివర మరకుంది. ఒక్క తుడుపు తుడిచేసి పోదాం. లేకపోతే సూపర్‌వైజరు నన్ను తిడతాడు."

ఆపరేటరు ఒక క్షణం ఆలోచించాడు. ఆ తర్వాత నవ్వాడు. ఆ నవ్వులోనే అతనికి సంగతి తెలిసిపోయిందని బావగారికి అర్థమైంది. "సరే గురువుగారూ," అని మీట నొక్కాడు. ఉయ్యాల ముప్పై ఒకటిలో ఆగింది.

చుక్కల అద్దాలు వరసగా పన్నెండు. ఏది? గ్యాడ్జెట్ కళ్ళజోడు పెట్టుకుంటే చెమటకి మసకబారింది. విసుగొచ్చి తన పాత ఫోను తీసి కెమెరా పెట్టాడు. టీవీ రిమోట్ వెలుగు కంటికి కనపడకపోయినా చవక కెమెరాకి కనిపిస్తుందని ఇంట్లో ఎప్పుడో చూశాడు. ఐదో అద్దం మూలన ఒక ఊదారంగు చుక్క. కంటితో చూస్తే లేదు, ఫోనులో ఉంది.

అది చూస్తుండగానే వెనక నుంచి ఆపరేటరు విరుచుకుపడ్డాడు. చేతులు బావగారి మెడ దాకా వచ్చి, జానెడు దూరంలో ఆగిపోయాయి. పొట్టి తాడు అతన్ని వెనక్కి గుంజింది. ఉయ్యాల ఊగి అద్దానికి ధన్‌మని తగిలింది. అతను బూతులు తిడుతూ కొక్కెం కోసం వెనక్కి తడుముకున్నాడు.

బావగారు పాక్కుంటూ ఐదో అద్దం చేరాడు. అరచేతులు కళ్ళకి అడ్డం పెట్టి లోపలికి చూశాడు. బల్ల చుట్టూ ముగ్గురు. వాళ్ళలో ఒకామె రిటైర్మెంటుకి దగ్గరపడ్డ డెస్క్ ఆఫీసరమ్మ. చీఫ్ నిలబడి ఉన్నాడు. బయట ఉయ్యాల తగిలినా ఎవరూ తలతిప్పలేదు. అద్దాలు తుడిచేవాణ్ణి లోపలివాళ్ళు ఎప్పుడు చూశారని? చెవి ఆనించాడు. మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. అద్దం మాట్లాడుతోంది.

"...గుర్తుపెట్టుకోండి. రెండోసారి చెప్పను. మొదటి పేరు..."

బావగారు నీళ్ళ గొట్టం పట్టుకుని దాని మీట పూర్తిగా తిప్పేశాడు. నీళ్ళు ఫిరంగిలా అద్దానికి కొట్టాయి. అద్దం డప్పులా దడదడలాడింది. లోపల చీఫ్ ఉలిక్కిపడి తిరిగాడు. కోపంతో ముఖం జేవురించి, అవతలికి పొమ్మని చెయ్యి ఊపాడు. బావగారు ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో పక్క అద్దం మీద సబ్బు నురగ రాసి, వేలితో పెద్ద అక్షరాలు గీశాడు: వింటున్నారు.

లోపలివాళ్ళకి అది తిరగబడి కనిపిస్తుందన్న సంగతి రాసేశాక గుర్తొచ్చింది. చీఫ్ తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి చూస్తున్నాడు. పెదవులు మళ్ళీ విచ్చుకున్నాయి. వెనక కొక్కెం ఊడిన చప్పుడు.

అప్పుడు డెస్క్ ఆఫీసరమ్మ లేచింది. కళ్ళజోడు సవరించుకుని అక్షరాలు కుడి నుంచి ఎడమకి చదివింది. ఇంకేమీ ఆలోచించకుండా వెళ్ళి, తన పై అధికారి నోటిని అరచేత్తో గట్టిగా మూసేసింది.

ఆపరేటరు చేతులు ఈసారి అందాయి. బావగారు గొట్టాన్ని వెనక్కి తిప్పాడు. నీటి దెబ్బ ముఖానికి తగిలి ఆ మనిషి తొట్టి అడుగున వెల్లకిలా పడ్డాడు. లేవకుండా బావగారు అతని ఛాతీ మీద కూర్చున్నాడు. మంచి మోకాలు ఒకటి, చెడ్డ మోకాలు ఒకటి. కాపలావాళ్ళు ఉయ్యాలని పైకి లాగేదాకా అలాగే కూర్చున్నాడు. నిజానికి లేవాలన్నా లేవలేకపోయేవాడు.

* * *

చీఫ్ పంపిన మనుషులు పదకొండుంబావుకి కంటి ఆసుపత్రి చేరేసరికి, గాజు తలుపుకి లోపల తాళం. డాక్టరు తలుపు గుంజి గుంజి అలిసిపోయి కూర్చున్నాడు. ఎదురుగా కుర్చీలో మేడం, గుప్పిట్లో తాళంచెవి.

"బయటికి విసిరేద్దామనుకున్నాను," అందామె, అద్దం పగలగొట్టి లోపలికి వచ్చినవాళ్ళతో. "నేను డిజైన్ చేసినవాటిలో ఒక్క కిటికీ తెరుచుకోదు కదా. అందుకే పట్టుకుని కూర్చున్నాను."

డాక్టరు యంత్రంలో రికార్డింగ్ దొరికింది. 'మొదటి పేరు' దాకా స్పష్టంగా ఉంది. ఆ తర్వాత కాసేపు జలపాతం, ఆపైన ఖాళీ.

పదకొండు మంది మూడు రోజుల్లో క్షేమంగా బయటపడ్డారు. మేడం అన్నీ రాసిచ్చింది. చివరి పేజీలో, ఎవరూ అడగకపోయినా, మేస్త్రితో తను చివరిసారి మాట్లాడిన నాలుగు మాటలూ రాసి సంతకం పెట్టింది.

"ఇది రహస్యం," అన్నాడు చీఫ్. "మేస్త్రిది రికార్డులో ప్రమాదంగానే ఉంటుంది. అర్థం చేసుకోండి, బావగారూ."

"అర్థమైంది, సార్."

అక్కడ్నుంచి తిన్నగా మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. ఈసారి ఫారం లేదు, వేషం లేదు. గడపలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎవరు, ఎందుకు, ఏ కొక్కెం. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో శాఖ రహస్యం బయటపెట్టడం అదే మొదటిసారి.

"మీ ఆయన చెవి తప్పు చెప్పలేదమ్మా. ఆ అద్దం నిజంగానే మోగింది. నేనూ విన్నాను. ఆయన చెవి వల్లే పదకొండు మంది బతికారు."

ఆమె కుట్టుమిషన్ చక్రం మీద చెయ్యి పెట్టింది.

"ఈ మాట ఎవరైనా ఆయనతో అనుంటే ఎంత పొంగిపోయేవాడో," అంది. తర్వాత కుర్చీ చూపించింది. "కూర్చో అన్నయ్యా. నిలబడలేకపోతున్నావు."

బావగారు కూర్చున్నాడు. ఆ వారంలో నిజంగా కూర్చున్నది అప్పుడే.

సోమవారం ఆఫీసులో ఆయన బల్ల మీద రెండు కవర్లున్నాయి. మొదటిది శాఖది. 'మీ సేవలు గుర్తించబడ్డాయి' అని ఒక్క ముక్క, సంతకం లేకుండా. రెండోది అద్దాలు తుడిచే కంపెనీది, స్టాంపుతో, సంతకంతో, నకలుతో సహా: 'ముప్పై ఒకటో అంతస్తులో అవసరానికి మించి నీళ్ళు వాడినందుకు, అద్దం మీద సబ్బుతో పిచ్చిరాతలు రాసినందుకు, వాటిని తుడవకుండానే వెళ్ళిపోయినందుకు మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించడమైనది.'